పోలార్ మెడల్: ఇవ్వని ఓ పతకం కథ

పోయిన ఎపిసోడ్‌లో పెంగ్విన్ బొమ్మలున్న నోట్లు చూశాం కదా. ఇవాళ పతకాల సంగతి చెప్పుకుందాం.

నా చేతిలో ఉన్నది చూడండి. ఎనిమిది మూలలు, తెల్ల రిబ్బను. దీన్ని పోలార్ మెడల్ అంటారు. స్కాట్ బృందం డిస్కవరీ ఓడలో అంటార్కిటికా వెళ్లొచ్చాక, 1904లో బ్రిటన్ మొదలుపెట్టింది. ముందువైపు రాజుగారి తల. వెనకవైపు మంచులో ఆగిన ఓడ, దాని ముందు స్లెడ్జి యాత్రకు బయల్దేరిన మనుషులు. నాది నకలే లెండి, అసలుది కొనే స్తోమత నాకు లేదు.

అసలుది ఎప్పుడైనా మీ చేతికి వస్తే బొమ్మ కన్నా ముందు అంచు చూడండి. పొందిన మనిషి పేరు అక్కడ ఉంటుంది. రిబ్బను మీది పట్టీ ఏ ప్రాంతమో, ఏ సంవత్సరాలో చెబుతుంది. ఆ పేరును బట్టే సేకర్తలు విలువ కడతారు.

అయితే నన్ను బాగా కదిలించింది ఏ అంచు మీదా లేని పేరు: హ్యారీ మెక్‌నిష్. షాకిల్టన్ ఎండ్యూరెన్స్ యాత్రలో వడ్రంగి. 1915లో ఓడ మంచులో నలిగి మునిగిపోయింది. మంచు మీద పడవలు లాగుతున్నప్పుడు మెక్‌నిష్ ఎదురు తిరిగాడు. ఓడే లేనప్పుడు నీ ఆజ్ఞ ఎందుకు వినాలి అన్నాడు. షాకిల్టన్ అది మర్చిపోలేదు.

తర్వాత ఎలిఫెంట్ దీవిలో ఇదే వడ్రంగి, దొరికిన చెక్కముక్కలు, కాన్వాసుతో జేమ్స్ కెయిర్డ్ అనే చిన్న పడవకి పైకప్పు వేశాడు. అందులోనే ఆరుగురు, తనతో సహా, దాదాపు 1,300 కిలోమీటర్ల సముద్రం దాటి 1916 మేలో సౌత్ జార్జియా చేరారు. దీవిలో మిగిలిన 22 మందీ బతికి బయటపడ్డారంటే ఆ పడవ వల్లే కదండీ!

అయినా షాకిల్టన్ నలుగురికి పతకం సిఫారసు చేయలేదు. అందులో మెక్‌నిష్ ఒకడు. ఆయన 1930లో న్యూజీలాండ్‌లో పోయాడు. యాత్రలో కాల్చేసిన ఆయన పిల్లి కంచు బొమ్మని 2004లో సమాధి మీద పెట్టారు. పతకం మాత్రం రాలేదు.

క్రమశిక్షణ తప్పాడు, నిజమే. కానీ పడవ సంగతో? నాకైతే ఇవ్వాల్సింది అనిపిస్తుంది. అందుకే నా ఆల్బంలో ఈ నకలు పక్కన ఆయన పేరు రాసి ఒక గడి ఖాళీగా ఉంచాను. ఎవరైనా అడిగితే ముందు ఆ గడి కథే చెబుతాను.