మూలకణాల మార్పిడి తర్వాత విరేచనాలా? ఉగ్గాని మీద నెట్టేయకండి

మన ఆదోని, ఎమ్మిగనూరుల్లో ఎవరికన్నా కడుపు చెడితే ముందు అడిగేది 'బయట ఉగ్గాని బజ్జీ తిన్నావా?' అనే కదా. కానీ బ్లడ్ క్యాన్సర్‌కి అన్నదో చెల్లెలిదో మూలకణాలు ఎక్కించుకుని వెల్లూరు నుంచో హైదరాబాద్ నుంచో ఇంటికొచ్చినవాళ్ల సంగతి వేరు. ఒక్కోసారి ఆ దాత కణాలే పేగు పొరను పరాయిదనుకుని దాడి చేస్తాయి. అదే జీవీహెచ్‌డీ. ఎక్కువగా మొదటి 100 రోజుల్లోనే. నీళ్ల విరేచనాలు, మెలిపెట్టే నొప్పి, ముదిరితే రక్తం. ఇన్ఫెక్షన్ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. అందుకే మలం పరీక్ష, ఎండోస్కోపీలో చిన్న ముక్క తీసి చూడటం. జీవీహెచ్‌డీ అయితే మొదటి మందు స్టెరాయిడ్. మెడికల్ షాపు బిళ్లతో రెండు రోజులు చూద్దాం అనుకోవద్దు. సిగ్గుపడకుండా ఎంత అయిందో కొలిచి, మార్పిడి చేసిన ఆసుపత్రికి ఆ రాత్రే ఫోన్ కొట్టండి.