కడిగిన వలలు
(పురుషుల సహవాస కూటములో చేసిన ప్రసంగము)



లూకా సువార్త అయిదవ అధ్యాయము మీద మనము ఎన్నో ప్రసంగములు విన్నాము. వాటిలో ఎక్కువ భాగము ఒడ్డు మీద నిలిచి చేసినవే. నేను గూడ ఒడ్డు మనిషినే. అయితే ఒక రాత్రి సముద్రము మీద గడిపి వచ్చిన తరువాత ఆ అధ్యాయములో ఒక చిన్న సంగతి నాకు వేరుగా కనబడినది.

గిలకలదిండి సరంగు ఒకరు మా స్నేహితులు. ఆదివారము ఆరాధనలో నా వెనుక బల్ల మీదనే కూర్చుందురు. క్రిస్మసు దాటిన తరువాత అమావాస్య దినములలో మా ముగ్గురు మిత్రులను తమ ఫైబరు బోటులో తీసికొని వెళ్లిరి. బోటువారు నలుగురు, మేము ముగ్గురము. వెన్నెల ఉన్న రాత్రి చేపకు వల కన్ను కనబడును గనుక, ఇటువంటి వలకు చీకటి రాత్రులే మంచివని వారు చెప్పిరి.

గిలకలదిండి నుండి సముద్రములోనికి పోవుట మన చిత్తము కాదు. ముఖద్వారములో ఇసుక మేట వేసి యుండును గనుక పోటు మీదనే దాటవలెను. మూడు గంటలకు బయలుదేరుదుమనుకొన్నవారము అయిదు వరకు కూర్చున్నాము. మాకది కాలక్షేపము. వారికి మాత్రము పెట్టెలో ఐసు కరిగిపోవుచున్నది.

మంగినపూడి దీపస్తంభము వెనుకబడిన తరువాత సరంగు తాడుకు కట్టిన సీసపు గుండును దించి ఎన్ని బారల లోతో చూచెను. జీపీఎస్ పెట్టె ఎదుటనే ఉన్నది. అయినను గుండుకు అంటుకొని వచ్చిన బురదను వ్రేళ్లతో నలిపి చూచిన తరువాతనే వల దించుమనెను. పోస్టాఫీసులో పనిచేసి విశ్రాంతి తీసికొన్న మా మిత్రునికి అప్పటికే కడుపులో త్రిప్పుచున్నది. "మాస్టారూ, కిందికి చూడమాకండి. దూరాన ఆ దీపం మీద చూపు నిలపండి" అని సరంగు చెప్పగా కొంత నెమ్మదించినది. వంట మాత్రము ముట్టలేదు. ఆయన వంతు పులుసు గూడ మేమే తిన్నాము!

చేయి నీటిలో ముంచి కదిపితే చల్లని నీలి వెలుగు లేచినది. సూక్ష్మజీవుల వలన కలుగు వెలుగు అది. చేపల గుంపు కదలినప్పుడు గూడ అటువంటి వెలుగే కనబడుననియు, తమ పెద్దలు దానిని చూచియే వల వేసెడివారనియు బోటువారు చెప్పిరి.

రెండు గంటలకు వల లాగినారు. పడినవి కొద్ది కానాగంతలు, మిగిలినదంతయు జెల్లీ చేపలు. వాటి ముల్లు తగిలి కుర్రవాని మోచేతుల వరకు దద్దుర్లు లేచినవి. ఇక వలను శుభ్రము చేయవలెను. కంటి కంటికి జిగురు తీసి, పీతలు కొరికిన చోట ముడి వేసి, బెండ్లు ఒక ప్రక్కకు, సీసములు ఒక ప్రక్కకు వచ్చునట్లు మడత పెట్టుటకు రెండు గంటలు పట్టినది. ఆ పని ముగిసి బీడీ ముట్టించిన తరువాత సరంగు, "ఇంకోసారి ఏద్దాం" అనెను. ఎవరును మాట్లాడలేదు. ఆ మౌనము నేను మరువలేను.

సహోదరులారా, ప్రభువు పడవ యెక్కినప్పుడు పేతురును అతని తోటివారును ఏమి చేయుచున్నారు? వలలు కడుగుచున్నారు. ఆ కాలపు వలలు నారవి. ప్రతి రాత్రి వేట తరువాత కడిగి ఆరబెట్టకపోయిన కుళ్లిపోవును. కడిగిన వలను మరల వేయుట అనగా ఆ చాకిరి అంతయు మరల చేయుట. పేతురు సందేహించెనని మనము తేలికగా చెప్పుదుము. అది అవిశ్వాసి సందేహమని నేననను. రాత్రంతయు పనిచేసిన కూలివాని నడుము నొప్పి అది.

మా రెండవ వలలో అద్భుతమేమియు జరుగలేదు. డీజిలు, ఐసు ఖర్చులు వచ్చినవి. బోటుకు, వలకు, మనుష్యులకు పాలు తీయగా ఒక్కొక్కరికి ఒక దినపు కూలి పాటి మిగిలినది. యోహాను నూట యేబది మూడు చేపలని ఎందుకు లెక్క వ్రాసెనో అని నేననగా, "పాలు పంచుకోవాలంటే లెక్క పెట్టాలిగా మాస్టారూ" అని సరంగు నవ్వెను. వ్యాఖ్యాన గ్రంథములలో ఎన్ని గూఢార్థములు ఉన్నను, నాకు ఈ అర్థము నచ్చినది.

చేతులకు దద్దుర్లు లేచిన కుర్రవాడు తిరుగు ప్రయాణములో తన తాతను గూర్చి చెప్పెను. 1996 నవంబరు తుపానులో కాకినాడ వైపు వేటకు వెళ్లి తిరిగి రాలేదట. మన బందరుకు 1864 నవంబరు 1వ తేదీ ఉప్పెన, దివిసీమకు 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన జ్ఞాపకమున్నవి. అవి ఒడ్డు మీదికి వచ్చిన మరణములు. సముద్రము మీద పోయినవారి సంగతి వేరు. శవము దొరకదు. మనిషి కబురు తెలియక ఏడు సంవత్సరములు గడిచిన గాని చట్టము మరణమును ఊహింపదు. అంతవరకు ఆ ఇల్లాలు సుమంగళియో విధవయో కాగితము చెప్పదు. ఆ కుర్రవాని నాయనమ్మ బొట్టు తుడువకుండగనే కన్నుమూసినదట.

గనుక కమిటీ వారికి నా మనవి ఒకటి. సముద్రములో ఉన్నవారి కొరకు మనము ప్రార్థించుచున్నాము, మంచిదే. కాని వేటకు పోవు మన సంఘ కుటుంబములెన్ని, ఎవరికి భీమా ఉన్నది, ఎవరి గుర్తింపు కార్డు సరిగా ఉన్నది అను పట్టిక మన దగ్గర లేదు. చదువు వచ్చినవారు ఇద్దరు కూర్చొని దరఖాస్తులు వ్రాసిపెట్టిన చాలును. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు వేట నిషేధము గనుక మగవారు ఊరిలోనే ఉందురు. సరంగును అడిగితిని. ఉదయమంతా వలలు బాగుచేసికొను పని ఉండునట. సాయంకాలము నాలుగు దాటిన తరువాత రమ్మన్నారు.