నిప్పు సెగలో పలికే డప్పు



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లో పీర్ల పండుగైనా, బోనాలైనా, చివరికి సాగనంపే వేళైనా ముందు నడిచేది డప్పు. ఊరికి కబురు చెప్పే చాటింపూ దానిదే.

గుండ్రటి చెక్క చట్రానికి మేక తోలు బిగిస్తే డప్పు. వాయించే ముందు గడ్డి మంట వేసి సెగ చూపుతారు. తేమ ఆరి, తోలు బిగుసుకుని, నాదం ఖంగుమంటుంది. కుడిచేత పొట్టి సిర్ర, ఎడమచేత సన్నని సిటికెన పుల్ల. సిర్ర దెబ్బకు మోత, పుల్ల దెబ్బకు చురుకు. ఒకరు దరువు ఎత్తుకుంటే మిగతావారు అందుకుంటారు. కాళ్లు కూడా ఆ లెక్కకే కదులుతాయి.

దూరాన ఫిలిప్పీన్స్ కొండల్లో ఇగొరోట్ ప్రజలకూ ఇలాంటి బృంద వాద్యం ఉంది. పేరు గాంగ్సా. మన దాసరుల జేగంటలా అదీ లోహపు పళ్లెమే. ఒక పద్ధతిలో ఒడిలో పెట్టుకుని అరచేతులతో, మరో పద్ధతిలో ఎడమచేత వేలాడదీసి కర్రతో వాయిస్తారు. ఒక్కొక్కరిది ఒక్కో దెబ్బ. అన్నీ కలిస్తేనే పాట.

అక్కడ లోహం, ఇక్కడ తోలు. రెండింటి ప్రాణం మాత్రం పదిమంది కలయికలోనే ఉంది. మన డప్పును తరతరాలుగా కాపాడింది మాదిగ కళాకారులు. వెట్టిచాకిరీ కింద వాయించిన రోజులను దాటి, వారు దాన్ని పోరాటాల గొంతుగా మలిచారు. ఆ చేతులకు తగిన గౌరవం, తగిన ప్రతిఫలం ఇవ్వడం మన బాధ్యత.