కాక్లియర్ ఇంప్లాంట్ బిడ్డ ఇంటికి వచ్చాక



ఆపరేషన్ అయిపోయింది, ఇక బిడ్డకు మాటలు వచ్చేస్తాయని మీలో చాలామంది అనుకుంటారు. డాక్టరుగారు అమర్చింది లోపలి భాగం మాత్రమే. చెవి వెనుక తగిలించే ప్రాసెసర్ మైకుతో శబ్దాన్ని పట్టి, అయస్కాంతంతో తలకు అంటుకునే కాయిల్ ద్వారా లోపలికి పంపితేనే అది పనిచేస్తుంది. ప్రాసెసర్ తీసేశారంటే బిడ్డకు మళ్ళీ నిశ్శబ్దమే.

కాబట్టి నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా, స్నానం వేళ తప్ప, ప్రాసెసర్ పెట్టే ఉంచండి. "ఖరీదైంది కదా సిస్టర్, పాడవుతుందని బీరువాలో పెట్టాం" అంటారు కొందరు. పెళ్ళికి వెళ్తే, ఆడపిల్లకు చెవుడని నలుగురికీ తెలుస్తుందని తీసేస్తారు ఇంకొందరు. ఆ పెళ్ళిలోనే కదమ్మా మేళం, పిన్ని పిలుపు, పిల్లల అల్లరి బిడ్డ వినవలసింది! మాట నేర్చే వయసు మొదటి నాలుగైదేళ్ళే. అవి పోతే తర్వాత ఎంత కష్టపడినా అంత తేలిగ్గా మాట రాదు.

కొన్ని ప్రాసెసర్లకు చిన్న రిమోట్ ఇస్తారు, కొత్తవాటికి సెల్‌ఫోన్‌లోనే యాప్ ఉంటోంది. చాలావాటిలో కాయిల్ ఊడినా, బ్యాటరీ తగ్గినా అందులో కనబడుతుంది. రెండేళ్ళ బిడ్డ "అమ్మా, వినబడడం లేదు" అని చెప్పలేదు కదా, అందుకే రిమోట్ పెద్దవాళ్ళ చేతిలో ఉండాలి, అన్నయ్యకు ఆటబొమ్మ కాకూడదు. బిడ్డ పలకడం లేదని వాల్యూమ్ పెంచుకుంటూ పోకండి. ఎంత శబ్దం సరిపోతుందో మ్యాపింగులో ఆడియాలజిస్టే నిర్ణయిస్తారు.

రిమోట్ అంతా బాగుందని చూపినా పొద్దున్నే ఒక్క నిమిషం పరీక్షించండి. బిడ్డ వెనుక నిలబడి ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అని మామూలు గొంతుతో ఒక్కొక్కటే పలకండి. విన్నప్పుడల్లా గిన్నెలో ఒక గింజ వేయడం నేర్పండి. నిన్న విన్న శబ్దం ఇవాళ వినలేదంటే బ్యాటరీ, కేబుల్ చూసి మాకు తెలియజేయండి.

మన ఎండలకు చెమట ఎక్కువ. రాత్రి ప్రాసెసర్‌ను తుడిచి, తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టండి. బటన్ బ్యాటరీలు పిల్లలకు అందనివ్వకండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఎక్కడైనా ఎమ్మారై తీయాలంటే ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పండి. ఇలాంటి పిల్లలకు మెదడు పొరల వాపు వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ కనుక న్యుమోకోకల్ టీకా తప్పక వేయించాలి. జ్వరంతోపాటు మెడ బిగుసుకుంటే తెల్లవారే దాకా ఆగవద్దు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదింటి పిల్లలకూ ఈ ఆపరేషన్ అందింది. అయితే వారంటీ తీరాక కేబుళ్ళు, బ్యాటరీల ఖర్చు తరచూ ఇంటివారిపైనే పడుతుంది. ఇప్పటి నుండే నెలనెలా కొంత పక్కన పెట్టుకోండి. కేబుల్ తెగిందని నెల రోజులు ఊరుకోవద్దు.

మ్యాపింగుకు వచ్చేటప్పుడు ప్రాసెసర్, రిమోట్, ఛార్జర్ అన్నీ తెండి. బిడ్డ ఏ శబ్దానికి తిరిగి చూసిందో కాగితం మీద రాసి తెండి, కుక్కరు విజిలైనా సరే.