చింత నిండిన హృదయం, చెదిరే జ్ఞాపకం

సర్వస్తుతులూ అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక. అమ్మా బాద్!



నమాజు ముగిశాక ఇమాములను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “హజ్రత్, మూడు రకాతులు చదివానో, నాలుగు చదివానో గుర్తులేదు. ఏం చేయాలి?” దీనికి షరీఅత్‌లో సమాధానం ఉంది. ఏ సంఖ్యపైనా మనసు నిలువకపోతే తక్కువ సంఖ్యను ఆధారం చేసుకొని, మిగిలినది పూర్తిచేసి, సహ్వ్ సజ్దాలు చేయాలి. అయితే కొందరు అంతటితో ఊరడిల్లరు. తమ ఈమాన్ బలహీనపడిందేమోనని లోలోపల కుమిలిపోతారు. నిదానంగా విచారిస్తే, ఆ మరపు వెనుక కట్టవలసిన కిస్తీ ఉంటుంది, ఆసుపత్రి ఖర్చు ఉంటుంది, గల్ఫ్‌లో జీతం అందని కుమారుని గురించిన బెంగ ఉంటుంది.

సోదరులారా! బెంగ మనిషి హృదయాన్ని ఎంతగా ఆక్రమిస్తుందో దివ్య ఖుర్ఆన్ ఒక తల్లి వృత్తాంతం ద్వారా తెలిపింది. ఫిరౌన్ మగశిశువులను చంపిస్తున్న కాలంలో హజ్రత్ మూసా (అలై) తల్లి అల్లాహ్ ఆజ్ఞానుసారం తన పసికందును నదిలో విడిచింది. బిడ్డను తిరిగి అప్పగిస్తానని సాక్షాత్తూ అల్లాహ్‌యే ఆమెకు వాగ్దానం చేశాడు. అయినప్పటికీ ఆమె హృదయం శూన్యమైపోయిందని, అల్లాహ్ దాన్ని దృఢపరచి ఉండకపోతే ఆమె రహస్యాన్ని బయటపెట్టేదేనని ఖసస్ సూరా 10వ ఆయతు తెలుపుతోంది. ఆ ఆయతును వ్యాఖ్యానించిన ముఫస్సిర్లు, ఆమె హృదయంలో బిడ్డ తలపు తప్ప మరి దేనికీ చోటు లేకపోయిందని వివరించారు. అల్లాహ్ ఆమెను నిందించలేదు. ఆమెకు స్థైర్యాన్ని ప్రసాదించాడు. ఆమె కూడా చేతులు కట్టుకొని కూర్చోలేదు. తమ్ముణ్ణి కనిపెట్టి ఉండమని కుమార్తెను పంపింది.

నేటి వైద్యుల మాట కూడా దీనికి దూరం కాదు. భయాందోళనలు కలిగినప్పుడు మూత్రపిండాలపైనున్న గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. ఆపద క్షణాల్లో అది మనకు మేలే చేస్తుంది. కాని ఒత్తిడి నెలల తరబడి కొనసాగితే, కొత్త జ్ఞాపకాలను పదిలపరిచే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం, ఏకాగ్రతను నిలిపే ముందరి భాగం రెండూ మందగిస్తాయి. పైగా నిద్ర చెడుతుంది. పగలు నేర్చినది నిద్రలోనే స్థిరపడుతుంది కనుక నష్టం రెట్టింపవుతుంది.

తమిళనాడు చెరకు రైతులపై జరిపిన ఒక పరిశోధన 2013లో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. కోతకు ముందు, చేతిలో డబ్బు లేని రోజుల్లో బుద్ధికి సంబంధించిన పరీక్షల్లో వెనుకబడిన రైతులే, కోత తరువాత డబ్బు చేతికందినప్పుడు మెరుగ్గా రాణించారు. వారి తెలివి మారలేదు. డబ్బును గురించిన ఆలోచనలే అంతవరకు వారి బుద్ధిశక్తిని హరించాయని పరిశోధకులు భావించారు.

మదర్సాలలో హిఫ్జ్ చెప్పే ఉస్తాదులకు ఇది అనుభవంలో ఉన్న విషయమే. నిన్న సబక్‌ను తడబాటు లేకుండా వినిపించిన పిల్లవాడు బెత్తం చూడగానే మొదటి ఆయతు వద్దే ఆగిపోతాడు. వాడు మరచిపోలేదు. వాని మనసును భయం ఆక్రమించింది. బెత్తం పక్కన పెట్టి, మంచినీళ్లు తాగించి, మళ్లీ అడిగితే అదే పాఠం నోటికి వస్తుంది.

మరి మనం చేయవలసినదేమిటి? భోజనం సిద్ధంగా ఉన్నప్పుడు, కాలకృత్యాలను ఆపుకొంటూ నమాజుకు నిలబడవద్దని దైవప్రవక్త (స) ఉపదేశించారు. కోపంలో ఉన్న న్యాయాధిపతి తీర్పు చెప్పరాదని ఆదేశించారు. మనసు ఒకచోట చిక్కుకొని ఉంటే మరొకచోట నిలువదన్న సత్యం ఈ ఆదేశాల్లో ఇమిడి ఉంది. కాబట్టి తీర్చుకోగల అవసరాన్ని ముందు తీర్చుకోండి. అప్పు, వాయిదా, మాట ఇచ్చిన తేదీ, వీటన్నిటినీ మనసులో మోయక కాగితంపై రాసుకోండి. అప్పు పత్రాన్ని రాసుకోవాలన్న ఆదేశం ఖుర్ఆన్‌లోని అత్యంత సుదీర్ఘమైన ఆయతులో ఉంది. ఒక సాక్షి మరచిపోతే మరొకరు గుర్తుచేయాలన్న మాట కూడా అందులోనే ఉంది. ఇషా తరువాత కబుర్లతో కాలక్షేపం చేయడాన్ని దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కారు. మనమేమో అర్ధరాత్రి వరకు ఫోను చూస్తూ, ఫజ్ర్‌లో మనసు నిలవడం లేదని వాపోతున్నాము. దిగులు నుండి, దుఃఖం నుండి, రుణభారం నుండి ఆయన (స) అల్లాహ్ శరణు వేడుకొనేవారు. ఆ దుఆను నేర్చుకొని నిత్యం పఠించండి. మరపు నానాటికీ ముదురుతూ ఉంటే సిగ్గుపడక వైద్యుణ్ణి సంప్రదించండి. చికిత్స పొందడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

సోదరులారా! చివరి మాట ఇతరుల భారం ఎవరి చేతిలో ఉందో వారికి. ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తునికి గడువివ్వమని, మాఫీ చేస్తే మరింత మేలని బఖరా సూరా 280వ ఆయతు బోధిస్తోంది. పనివాని జీతాన్ని రేపు, మాపు అని తిప్పే యజమాని అతని సొమ్మునే కాదు, అతని నిద్రను, నమాజులోని ఏకాగ్రతను కూడా ఆపివేస్తున్నాడు. మార్కుల కోసం బిడ్డను భయపెట్టే తండ్రి ఆ బిడ్డ చదువునే పాడుచేస్తున్నాడు. ముసలితల్లి ఒకే మాటను మూడుసార్లు అడిగితే విసుక్కోకండి. నాలుగోసారి కూడా ప్రేమగా చెప్పండి. ఈ జుమా నుండి ఇళ్లకు వెళ్లేలోగా మన మూలంగా ఎవరి మనసు బరువెక్కి ఉందో ఒక్కరినైనా తలచుకొని, సాయంత్రంలోగా ఆ బరువు దించుదాం.

ఓ అల్లాహ్! మా హృదయాలలోని చింతను తొలగించు. మా రుణాలు తీరే మార్గం చూపు. మా నమాజులలో మనసు నిలిపే భాగ్యాన్ని ప్రసాదించు. మా మూలంగా నీ దాసులెవ్వరూ నిద్రకు దూరం కాకుండా మమ్మల్ని కాపాడు. ఆమీన్!