పెనుకొండకు పోదాం
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ప్లాటినం జూబిలీ సంవత్సరపు విజ్ఞానయాత్రకు తొమ్మిదవ తరగతి పిల్లలను పెనుకొండ కోటకు తీసుకువెళ్లాలని సంకల్పించాము. "కూలిన గోడలు చూడడానికి అంత దూరమా? మైసూరు చాలదా?" అని కొందరు తల్లులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

పెనుకొండ బెంగళూరుకు సుమారు 140 కిలోమీటర్లు. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిన తరువాత తిరుమలరాయలు విజయనగర రాజధానిని అక్కడికే తరలించాడు. గగన మహలు, పార్శ్వనాథ జినాలయం, షేర్ ఖాన్ మసీదు, బాబయ్య దర్గా, అన్నీ ఆ ఒక్క ఊళ్లోనే ఉన్నాయి. తిరుగు ప్రయాణంలో లేపాక్షి. అక్కడి శాసనాలు కన్నడంలో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, రెంటి నడుమ నలిగిపోతున్నామని మన పిల్లలు నాతో తరచు మొరపెట్టుకుంటారు. ఆంధ్రదేశపు గుడిలో కన్నడ అక్షరాలను కూడబలుక్కొని పోల్చుకునే భాగ్యం ఈ ఊరి తెలుగు బిడ్డలకు ఉన్నంతగా ఎవరికుంది? నాకు ఈ యాత్రపై ఇంత పట్టుదల అందుకే.

యూరపులోని చెక్ దేశంలో కార్ల్‌స్టైన్ అనే కోట ఉంది. దాని నిర్మాణం 1348లో, మన విజయనగరం వెలసిన కొద్ది కాలానికే, మొదలయింది. అక్కడ లోపలి గదులు చూడాలంటే మార్గదర్శి వెంట నిర్ణీత వేళకే వెళ్లాలి. పెనుకొండలో మనకు మార్గదర్శులు మన పిల్లలే. ఒక్కొక్క జట్టు ఒక్కొక్క కట్టడాన్ని ముందుగా చదివి, అక్కడ నిలబడి తక్కినవారికి వివరించాలి. చరిత్ర మాస్టారు అప్పుడే పనులు పంచేశారు. ఆయన తొందర మీకు తెలిసిందే!

ఉద్యోగపు తొలినాళ్లలో ఒక కొండకోటకు పిల్లలను మిట్టమధ్యాహ్నం ఎక్కించాను. ఒక బాలిక సొమ్మసిల్లింది. తెచ్చిన నీళ్లు అప్పటికే అయిపోయాయి. ఆ తప్పు నాదే. ఆనాటి భయం ఇంకా నన్ను వదలలేదు. కనుక ఈసారి బస్సు తెల్లవారుజామున 5 గంటలకే బయలుదేరుతుంది. ఎండ ముదరకముందే కొండ దిగాలి. ప్రతి బిడ్డ వద్ద రెండు సీసాల నీళ్లు, టోపీ, కాళ్లకు బూట్లు ఉండవలెను. ఉబ్బసం వంటి బాధలున్న పిల్లల సంగతి దాచవద్దు. వారు క్రింద గగన మహలు వద్ద నాతోనే ఉంటారు.

రుసుము కట్టలేనివారు సంకోచించక నాతో విడిగా చెప్పండి. ఆ భారం పంచుకుంటామని పూర్వ విద్యార్థులు కొందరు మాట ఇచ్చారు. అంగీకార పత్రాలు శనివారంలోగా తరగతి ఉపాధ్యాయులకు అందజేయ ప్రార్థన.