గుడుపల్లె గుట్టలలో ఒక దినము

బంగారమనగానే మనకు కోలారు జ్ఞప్తికి వచ్చును. ఆ బంగారు నేలయే సరిహద్దు దాటి మన చిత్తూరు జిల్లాలోని గుడుపల్లె సీమకు సాగివచ్చినదని చాలమంది యెరుగరు. దానిని కన్నులార చూడగోరి యొకనాటి వేకువను గుడుపల్లె స్టేషనులో రైలు దిగితిని. పూర్వము గనిలో పనిచేసిన యొక వృద్ధుడు నాకు త్రోవ చూపుట కంగీకరించెను.

ఇది యిసుక యెడారి గాదు. నీటికి పేదయైన మెట్టసీమ. రాగిచేలను, చింతతోపులను దాటినంతట ముండ్లపొదలును నల్లని గుండ్లును మొదలయ్యెను. వృద్ధుడొక రాతిని పగులగొట్టి చూపెను. నల్లరాతి నడుమ తెల్లని పలుగురాతి చార యొకటి యుండెను.

"తాతా, బంగార మిందులో నున్నదా?" యని యడిగితిని.

"ఉండినను కంటికి కానరాదు నాయనా. బండెడు రాతిని పిండి చేసినను చిటికెడు దొరకుట గగనము" అనెను.

ఆతని మాట శాస్త్రసమ్మతమే. కోలారు రాతిపట్టె యించుమించు 80 కిలోమీటర్ల పొడవు గలది. ఈ నల్లరాళ్లు 250 కోట్ల యేండ్లకంటెను పూర్వము పొంగిన అగ్నిద్రవము వలన నేర్పడినవి. పిదప భూగర్భమునందలి వేడినీరు పగుళ్లలో ప్రవేశించి పలుగురాతిని, దానితో కూడ బంగారమును విడిచినది. టన్ను రాతికి లభించునది కొన్ని గ్రాములు మాత్రమే. రాతిని పొడిచేసి, సయనైడు కలిపిన నీటిలో ఆ బంగారమును కరగించి వేరుచేయుదురు.

1802లో వారెన్ అను సైనికోద్యోగి కోలారు ప్రాంతమున పల్లెవారు మన్ను కడిగి బంగారము తీయుట చూచెను. 1880లో జాన్ టేలర్ కంపెనీవా రచట పని మొదలిడిరి. మన వైపున చిగురుగుంట, బిసానత్తం గనులను భారత్ గోల్డ్ మైన్సు సంస్థ నడిపెను. 2001లో కోలారు గనులతోబాటు ఇవియు మూతపడెను. పెక్కు కుటుంబముల కూడు నాటితో చెదరిపోయెను.

మధ్యాహ్నమున నొక వాగుటిసుకలో చేటంత యడుగుజాడలు కానవచ్చెను. దాదాపు రెండు వందల యేండ్లు ఈ సీమలో లేని యేనుగులు 1980 ప్రాంతమున పొరుగు రాష్ట్రముల యడవులనుండి మరల వచ్చినవి. వాని కొరకు 1990లో కౌండిన్య అభయారణ్య మేర్పడెను. జాడలు తడియారక యుండుట గాంచి వృద్ధుడు మాటాడక నన్ను వెనుకకు మరలించెను.

మరలు త్రోవలో పొదలచాటున నొక పాతగుంత యుండెను. అది యెవరు త్రవ్వినదో తెలియదు. వృద్ధుడందులో నొక రాయి వేసెను. చాలసేపటికి గాని నీటి చప్పుడు వినరాలేదు.

"ఈ గుంత నాకు తెలియును. నా మనుమనికి తెలియదు. వాడు మేకలను తోలుకొని యీ దారినే వచ్చును" అని యాతడు పలికిన మాట నన్ను నేటికిని వదలలేదు.

పెద్దలారా, పాతగనులలో గాలి చెడియుండును. దీపముతో దిగినవాడును తిరిగి రాకపోవచ్చును. గని మన్ను దిబ్బల దాపున నిలిచిన నీరు పశువులకు త్రాగింపరాదు. ఇట్టి గుంతల చోటులు కాగితములకంటె మీ మనస్సులలోనే పదిలముగా నున్నవి. మీ కాళ్లాడుచున్నపుడే పిల్లలను వెంటబెట్టుకొనిపోయి చూపుడు, చుట్టును ముండ్లకంప వేయింపుడు, పంచాయతీవారికి తెలుపుడు. నేలలోని బంగారము ఎక్కడికిని పోదు. మీతో పోవునది మీ యెఱుకయే.